గోదావరి దుంపలతో కరకరలాడే వేపుళ్ళు: కంద నుంచి చిలగడదుంప దాకా

కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనవాళ్ళు తేలికగా సామెత చెబుతారు గానీ, ఆ దురద గొంతుకు పట్టినవారికి అందులో హాస్యమేమీ కనిపించదు. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి ఇంటికి వచ్చిన చుట్టాల కోసం నేను పెరటి కందను పలచటి బిళ్ళలుగా గీసి, బంగాళాదుంప చిప్స్ వేయించినట్టే నీళ్ళలో ఒకసారి జాడించి, తుడిచి, నేరుగా కాగిన నూనెలో వేశాను. రంగు దివ్యంగా వచ్చింది. నోట్లో వేసుకుంటే కరకరలాడింది. పళ్ళెం రెండు నిమిషాల్లో ఖాళీ అయింది. ఆ తరువాత ఒక్కొక్కరే గొంతు సవరించుకోవడం మొదలుపెట్టి, చివరికి అందరూ మజ్జిగ అడిగారు. "చింతపండు నీళ్ళలో ఉడకనివ్వకుండా కందని నూనెలో ఎవరు వేయమన్నార్రా నిన్ను?" అని మా మేనత్త నిలదీసింది. ఆ తరువాత ఏ దుంపను వేయించినా నేను ముందు ఆలోచించేది నూనె గురించి కాదు, నీళ్ళ గురించి. వేపుడులో నూనె చేసే పని సగమే. దురద తీయడం, జిగురు వదిలించడం, చక్కెర తగ్గించడం, విషం పోగొట్టడం వంటి మిగతా సగం అంతకు ముందే నీళ్ళలో జరిగిపోవాలి.

డెల్టాలో మనకు సులువుగా దొరికే దుంపలు ఐదు: కంద, చేమదుంప, పెండలం, కర్రపెండలం, చిలగడదుంప. ఈ వ్యాసం ఈ ఐదింటినీ బంగాళాదుంప వేపుళ్ళ తరహాలో, అంటే పలచటి చిప్స్‌గానూ వేలెడేసి పొడవు ముక్కలుగానూ ఇంట్లో చేసుకునే పద్ధతిని వివరిస్తుంది. తేగలను ఇందులో చేర్చలేదు. అవి దుంపలు కావు, తాటి మొలకలు. కాల్చుకునో ఉడకబెట్టుకునో తినవలసిన తేగను నూనెలో వేయడం దాన్ని అవమానించడమేనని నా అభిప్రాయం.

దుంపకో స్వభావం

బంగాళాదుంప మన నేల పంట కాదు. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో పుట్టి, మన బజారుకు ఎక్కువగా ఉత్తరాది నుంచి లారీల్లో వస్తుంది. కర్రపెండలం, చిలగడదుంప కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే గానీ, కంద, చేమ, పెండలం ఆసియాకు చెందినవి. వృక్షశాస్త్రం ప్రకారం ఇవన్నీ ఒక కుటుంబానివి కూడా కావు. బంగాళాదుంప వంకాయ, మిరపల కుటుంబానిది. చిలగడదుంప తూటికాడ కుటుంబానిది. కంద, చేమ రెండూ దగ్గరి చుట్టాలు. పెండలానికి, కర్రపెండలానికి మాత్రం పేరులో తప్ప ఏ బంధుత్వమూ లేదు. ఇంత దూరపు మొక్కలను ఒకే పద్ధతిలో వేయించి ఒకే ఫలితం ఆశించడం న్యాయం కాదు.

వంటింటికి కావలసిన తేడా మొదట నీటిలో ఉంది. బంగాళాదుంపలో నూటికి సుమారు 80 పాళ్ళు నీరు ఉంటే, చిలగడదుంపలో 77, చేమ, పెండలాల్లో 70, కర్రపెండలంలో 60 పాళ్ళు ఉంటుంది. నూనెలో వేసిన ముక్క చుట్టూ లేచే బుడగలన్నీ దానిలోని నీరు ఆవిరై బయటకు వస్తున్న గుర్తులే. ఆ నీరు పోయినచోటే కొంత నూనె చేరుతుంది. కనుక నీరు తక్కువగా, పిండిపదార్థం ఎక్కువగా ఉన్న కర్రపెండలం కిలోకు ఎక్కువ చిప్స్ ఇస్తుంది, నూనె తక్కువ పీలుస్తుంది, గట్టిగా కరకరలాడుతుంది. నీటితో పాటు చక్కెర కూడా ఎక్కువగా ఉన్న చిలగడదుంప త్వరగా రంగు మారి, ఆలస్యంగా ఆరుతుంది. బయట నల్లబడి లోపల మెత్తగా మిగిలిపోయే చిలగడదుంప ముక్కలకు కారణం అదే. బీట్‌రూట్, క్యారెట్లతోనూ చిప్స్ చేయవచ్చునని చెబుతారు గానీ, వాటిలో నూటికి సుమారు 88 పాళ్ళు నీరే ఉంటుంది గనుక కిలో కోస్తే గుప్పెడు మిగులుతాయి. నూనె ఖర్చుకు తగిన ఫలం దక్కదు.

నూనె, మూకుడు, సెగ

వేరుశనగ నూనె, తవుడు నూనె రెండూ ఈ పనికి బాగా నప్పుతాయి. శుద్ధి చేసిన ఈ రెండు నూనెలూ 220 డిగ్రీలు దాటితే గానీ పొగ రావు, మనకు కావలసిన వేడి 150 నుంచి 185 డిగ్రీల మధ్యనే. కేరళవాళ్ళు కర్రపెండలం చిప్స్‌ను కొబ్బరి నూనెలో వేయిస్తారు, ఆ వాసన ఇష్టమైనవారికి అది బాగుంటుంది. కళ్ళ ముందు ఇన్ని కొబ్బరి చెట్లున్నా కోనసీమలో మాత్రం కొబ్బరి నూనెను ఎక్కువమంది తలకే రాసుకుంటారు గనుక, నేను కూడా వేరుశనగ నూనెతోనే సరిపెట్టుకుంటాను.

అడుగు మందంగా ఉన్న ఇనుప మూకుడు ఉత్తమం. పలచటి పాత్రలో ముక్కలు వేసిన వెంటనే నూనె చల్లబడి, అవి వేగడానికి బదులు నూనెలో నానుతాయి. లీటరు నూనెకు ఒక విడతలో 150 గ్రాములకు మించి ముక్కలు వేయకూడదు. ఈ ఒక్క నియమం పాటించకపోవడం వల్ల చెడిపోయే వేపుళ్ళే ఎక్కువ. వంటింటి థర్మామీటరు ఉంటే మంచిది. లేకపోతే ఒక ముక్కను వేసి చూడాలి. అది అడుగుకు దిగి, రెండు మూడు సెకన్ల తరువాత మెల్లగా పైకి తేలితే నూనె సుమారు 150 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. వేసిన వెంటనే బుసబుసమంటూ పైకి లేస్తే 175 దాటినట్టు. ఇది కచ్చితమైన కొలత కాదు గానీ, నాలుగైదు సార్లు చేసినవారికి చెవి కూడా సాయపడుతుంది. మొదట్లో జోరువాన పడ్డట్టు వినిపించే చప్పుడు క్రమంగా సన్నగిల్లి, అక్కడక్కడా చిటుక్కుమనే దశకు వచ్చిందంటే ముక్కలో నీరు దాదాపు అయిపోయినట్టే. చిప్స్‌ను తీయవలసింది ఆ క్షణంలో. గడియారం చూసి తీయడం కంటే చప్పుడు విని తీయడమే నమ్మకమని నేను గ్రహించాను.

చిప్స్‌కు ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, పొడవు ముక్కలకు ఒక సెంటీమీటరు మందం చాలు. ఎంత మందమన్న దానికంటే అన్నీ ఒకే మందంలో ఉండడం ముఖ్యం. చేతి నైపుణ్యం మీద నమ్మకం లేనివారు చిప్స్ గీసే పీటను వాడుకోవాలి, అయితే కంద, చేమల విషయంలో దానికి పెట్టిన చేతిపిడిని తప్పనిసరిగా వాడాలి. నూనెలో వేసే ఏ ముక్కనైనా ముందుగా పొడి నూలుబట్ట మీద పరిచి, ఫ్యాను కింద 20 నిమిషాలైనా ఆరనివ్వాలి. తడి ముక్క నూనెను చిందించి చేతులు కాలుస్తుంది, నూనె వేడినీ లాగేస్తుంది.

కంద

గోదావరి లంకల్లోని ఒండ్రు నేలలో కంద పుష్టిగా ఊరుతుంది. అరటి, కొబ్బరి తోటల్లో అంతరపంటగానూ వేస్తారు. వేసవిలో నాటిన కంద ఎనిమిది తొమ్మిది నెలలకు కాడ ఎండిపోయి తవ్వకానికి వస్తుంది గనుక, సంక్రాంతి ముందువెనుకల బజారులో కొత్త కంద కనిపిస్తుంది. మొదట తెలుసుకోవలసింది అది ఏ రకమన్నదే. కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం ఎంపిక చేసి అందించిన గజేంద్ర రకం దురద చాలా తక్కువగా ఉండడం వల్లనే దేశమంతటా పేరు పొందింది. నున్నగా, గుండ్రంగా, పక్కన పిల్లదుంపలు పెద్దగా లేకుండా ఉంటుంది. పెరట్లో తనంత తాను మొలిచే నాటు కందకు పిలకలు ఎక్కువ, దురదా ఎక్కువ. అమ్మేవారిని అడిగి తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

దురదకు కారణం కందలో ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. సూక్ష్మదర్శినిలో ఇవి కట్టలు కట్టిన సూదుల్లా కనిపిస్తాయి, చర్మానికో గొంతుకో గుచ్చుకున్నప్పుడు మంట, దురద పుడతాయి. ఈ పదార్థం నీళ్ళలో తేలికగా కరగదు, నూనెలో రెండు నిమిషాలు వేగినంత మాత్రాన పోదు. నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉంది. పుల్లటి నీళ్ళలో బాగా ఉడికించినప్పుడు దురద గుణం తగ్గుతుందని పెద్దలు అనుభవంతో కనిపెట్టారు. అందుకే మన కంద కూరల్లో చింతపండో నిమ్మరసమో లేకుండా ఉండదు. చింతపండు నీళ్ళ వల్ల వేపుడుకు ఇంకొక లాభం కూడా ఉంది. కూరగాయల కణాలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం మామూలు నీళ్ళలో ఉడికినప్పుడు కరిగి ముక్క చితికిపోతుంది గానీ, పులుపులో అంత తొందరగా కరగదు. కనుక చింతపండు నీళ్ళలో ఉడికిన కంద లోపల మెత్తబడుతూనే అంచులు విరగకుండా నిలుస్తుంది.

కందను కడగకుండానే చెక్కు తీయాలి, ఎందుకంటే తడి చేతికి దురద మరింత పట్టుకుంటుంది. చేతులకు ముందుగా కొబ్బరి నూనె రాసుకుని, కత్తిపీట మీద చెక్కును కాస్త మందంగానే తీసేసి, మట్టి ఏమాత్రం మిగలకుండా చూడాలి. అరకిలో ముక్కలకు లీటరున్నర నీళ్ళు మరిగించి, అందులో పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు, అర చెంచా పసుపు, రెండు చెంచాల ఉప్పు వేయాలి. వేలెడేసి ముక్కలైతే ఏడెనిమిది నిమిషాలు, చిప్స్ బిళ్ళలైతే రెండు మూడు నిమిషాలు ఉడికిస్తే సరిపోతుంది. చాకు మొన దిగాలి, అయినా ముక్కను ఎత్తితే వంగకూడదు. దీనికి కుక్కరు వద్దు. ఒక్క విజిల్ ఎక్కువైతే అది వేపుడుకు కాక కంద బచ్చలికి పనికివస్తుంది. అదీ మంచిదే గానీ మనం అనుకున్నది అది కాదు.

ఇక్కడ ఒక పరీక్ష చేయడం నేను ఎన్నడూ మానను. ఉడికిన వాటిలో చిన్న ముక్కను నమిలి మింగి, పది నిమిషాలు ఆగుతాను. గొంతులో ఏ గీరుడూ లేకపోతేనే మిగతావి వార్చుతాను. కాస్త తేడాగా అనిపిస్తే ఆ నీళ్ళు పారబోసి, కొత్త చింతపండు నీళ్ళలో మరి నాలుగు నిమిషాలు ఉడికిస్తాను. నాటు కందకు ఈ రెండో ఉడుకు దాదాపు ఎప్పుడూ అవసరమవుతుంది.

వార్చిన ముక్కలను బట్ట మీద ఆరబెట్టి, అరకిలోకు రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి చల్లి, చేత్తో కలపకుండా పళ్ళెం ఎగరవేస్తూ పట్టించాలి. వేలెడేసి ముక్కలను రెండు విడతలుగా వేయించడం మేలు. మొదట 150 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు వేయించి, రంగు మారకముందే తీసి, పది నిమిషాలు చల్లారనివ్వాలి. ఈ విరామంలో లోపలి తేమ మెల్లగా పైపొరకు వస్తుంది. తరువాత నూనెను 180 దాకా వేడి చేసి, రెండు నిమిషాల పాటు దోరగా వేయిస్తే, పైన గట్టి పెంకు కట్టి లోపల వెన్నలా ఉంటుంది. పలచటి బిళ్ళలకు రెండు విడతలు అక్కరలేదు. 165 డిగ్రీల దగ్గర చప్పుడు సన్నగిల్లే దాకా వేయించి తీయాలి. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు, ఒకసారి వచ్చి తగ్గినవారు ఆక్సలేట్ల కారణంగా కందను, చేమను తక్కువగా తినడం మంచిది, వైద్యుడు వద్దన్నట్లయితే అసలే ముట్టకూడదు.

చేమదుంప

చేమకు దురదతో పాటు జిగురు కూడా ఉంటుంది. తల్లిదుంప కంటే చుట్టూ కాసే పిల్లదుంపలే వేపుడుకు తగినవి. బొటనవేలంత లావున, దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నవాటిని ఏరుకోవాలి, లేకుంటే సన్నవి పేస్టు అయ్యేసరికి లావువి పచ్చిగా ఉంటాయి. చెక్కు తీయకుండానే ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టి, చాకు దిగేటప్పుడు కొద్దిగా అడ్డు తగులుతున్న దశలోనే దించి, వెంటనే చల్లటి నీళ్ళలో వేయాలి. చెక్కు చేతికే ఊడి వస్తుంది.

తరువాత చాలామంది వెంటనే కోసి నూనెలో వేస్తారు, ముక్కలు ఒకదానికొకటి అంటుకుని గరిటెకు సాగుతాయి. అలా కాకుండా చెక్కు తీసిన దుంపలను మూత పెట్టిన డబ్బాలో రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి చూడండి. ఉడికిన పిండిపదార్థం చల్లబడినప్పుడు మళ్ళీ గట్టిపడుతుంది. రాత్రి మిగిలిన అన్నం తెల్లవారేసరికి బిరుసెక్కడానికి కారణమూ ఇదే. గట్టిపడిన దుంపను సెంటీమీటరు మందం చక్రాలుగా కోయవచ్చు, లేదా అరచేతితో అదిమి అంచులు చీలిన బిళ్ళలుగా చేయవచ్చు. నాకు రెండోది ఇష్టం, ఎందుకంటే చీలిన అంచులే ఎక్కువగా కరకరలాడతాయి. బియ్యప్పిండి, కొద్దిగా కారం, నలిపిన వాము పట్టించి 170 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు వేయిస్తే చాలు.

పచ్చి చేమతో చిప్స్ చేయదలచినవారు బిళ్ళలను చింతపండు కలిపిన ఉప్పు నీళ్ళలో అరగంట నానబెట్టి, రెండు సార్లు నీళ్ళు మార్చి జిగురు పోయేలా రుద్ది కడిగి, మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి ఆరబెట్టుకోవాలి. శ్రమ ఎక్కువే గానీ, చేమ చిప్స్‌కు ఉండే కమ్మదనం మిగతా నాలుగింటికీ లేదు.

పెండలం

తీగ ఎండిన తరువాత తవ్వే పెండలం చలికాలంలో దొరుకుతుంది. తెల్లదానితో పాటు లోపల ఊదారంగు ఉండే రకమూ ఉంది. దీనికి దురద సమస్య స్వల్పం, చెక్కు తీసేటప్పుడు మాత్రం కొందరికి చేతులు దురద పెడతాయి. కోసిన వెంటనే ఉప్పు నీళ్ళలో వేయకపోతే ముక్కలు గోధుమరంగుకు తిరుగుతాయి. మరిగే నీళ్ళలో పొడవు ముక్కలను ఐదు నిమిషాలు ఉడికించి, ఆరబెట్టి, కందకు చెప్పినట్టే రెండు విడతలుగా వేయిస్తే, బంగాళాదుంప వేపుడుకు రుచిలో అన్నింటికంటే దగ్గరగా వచ్చేది ఇదే. ఇంటికి వచ్చిన పిల్లలకు చెప్పకుండా పెడితే తేడా కనిపెట్టలేరు.

ఊదా పెండలం ఉడికించే నీళ్ళలో చింతపండు వేస్తే ముక్కలు ఎర్రబారతాయి, వంటసోడా తగిలితే నీలంగా మారతాయి. ఊదా రంగును ఇచ్చే ఆంథోసయనిన్ల స్వభావం అది. రంగు యథాతథంగా నిలవాలంటే ఉప్పు నీళ్ళతోనే ఉడికించి, నూనె వేడిని 165కు మించనివ్వకూడదు. ఒక హెచ్చరిక: ఇదే జాతికి చెందిన అడవి దుంపల్లో కొన్ని విషపూరితమైనవి. తెలిసినవారు గుర్తుపట్టి ఇవ్వని అడవి దుంపను ఏ రూపంలోనూ వండకూడదు.

కర్రపెండలం

ఇది డెల్టా పంట కాదు, పక్కనున్న మెట్ట ప్రాంతపు పంట. పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల పండే కర్రపెండలంతోనే అక్కడి మిల్లుల్లో సగ్గుబియ్యం తయారవుతుంది. అయినా కాలువ దిగువ ఊళ్ళకూ బండ్ల మీద వచ్చి చేరుతుంది గనుక దీన్ని వదలలేము. అన్నింటికంటే మంచి కరకర ఇచ్చేదీ, అన్నింటికంటే జాగ్రత్త కోరేదీ ఇదే.

కర్రపెండలంలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. దుంపను కోసినప్పుడు, నలిపినప్పుడు దానిలోని ఎంజైము దీని మీద పనిచేసి, చివరికి హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు విడుదలవుతుంది. తీపి రకాల్లో ఇది చాలా తక్కువ, చేదు రకాల్లో ప్రమాదకరమైనంత ఎక్కువ. లోగుజ్జు కంటే చెక్కులో మరింత ఎక్కువ. ఈ వాయువు సుమారు 26 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది గనుక, సన్నగా కోసి నీళ్ళలో నానబెట్టి, మూత లేని గిన్నెలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోస్తే అది పోతుంది. దుంపను కోసిన వెంటనే కాగే నూనెలో వేస్తే ఎంజైము చచ్చిపోయి, లినమారిన్ మాత్రం ముక్కలోనే మిగిలిపోయే అవకాశముంది. నీళ్ళలో జరగవలసిన పని నీళ్ళలోనే జరగాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

దుంప తవ్విన రెండు మూడు రోజుల్లోనే లోపల నీలి నలుపు గీతలు వస్తాయి. కొనేటప్పుడు ఒకదాన్ని విరిపించి, తెల్లగా ఉన్నదాన్నే తీసుకోవాలి. పైనున్న గోధుమరంగు పొరను, దాని కింద ఉండే గులాబీ లేదా తెల్లని మందపు పొరను కలిపి ఒలిచేయాలి. చాకుతో నిలువుగా ఒక గాటు పెట్టి వేలు దూర్చి తిప్పితే రెండూ కలిసి ఊడివస్తాయి. నడుమ ఉండే నారను పొడవు ముక్కలకు తీసేయాలి, చిప్స్‌కు అది అడ్డు కాదు. పచ్చి ముక్క నాలుకకు తగిలితే చేదుగా అనిపించిందా, ఆ దుంపను ఆలోచించకుండా పారేయాలి.

బిళ్ళలుగా గీసిన ముక్కలను నిండు నీళ్ళలో రెండు మూడు గంటలు నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాలి. తరువాత విస్తారంగా మరిగే ఉప్పు నీళ్ళలో, మూత పెట్టకుండా, చిప్స్ అయితే మూడు నిమిషాలు, పొడవు ముక్కలైతే మెత్తబడి అంచులు కొద్దిగా పగిలే దాకా, అంటే సుమారు 15 నుంచి 20 నిమిషాలు ఉడికించి వార్చాలి. ఆ అంచుల పగుళ్ళను చూసి బెంగపడవద్దు. వేగిన తరువాత గరుకుగా, కరకరగా ఉండేవి అవే. దీనికి ఏ పిండీ పట్టించనక్కరలేదు, దానిలోని పిండే సరిపోతుంది. ఆరిన చిప్స్‌ను 170 డిగ్రీల దగ్గర, పొడవు ముక్కలను ఒకే విడతగా 180 దగ్గర వేయించాలి. బంగాళాదుంప చిప్స్‌లా ఇవి గోధుమరంగుకు రావు. లేత పసుపు రంగులోనే చప్పుడు ఆగిపోతుంది, అప్పుడే తీయాలి. రంగు కోసం ఎదురుచూస్తే పళ్ళకు పని పెరుగుతుంది.

చిలగడదుంప

ఇందులో దురద లేదు, విషం లేదు, జిగురు లేదు, ఉన్నదల్లా తీపి. ఆ తీపే వేపుడుకు శత్రువు. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి అధిక వేడిలో రంగు మారుతాయి. ఆ మార్పు మితంగా ఉంటే కమ్మదనం, అతిగా ఉంటే చేదు. 120 డిగ్రీలు దాటిన వేడిలో ఇలా రంగు మారే పిండి వంటకాల్లో అక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. కనుక బంగారు రంగు దగ్గర ఆపడం రుచికీ ఆరోగ్యానికీ ఒకటే నియమం. దుంపల్లో ఎర్రతోలు, తెల్లగుజ్జు ఉన్నవి పిండి ఎక్కువగా, తేమ తక్కువగా ఉండి బాగా వేగుతాయి. నారింజ రంగు గుజ్జు ఉన్నవి ఉడకబెట్టుకోవడానికే మేలు. కొన్న దుంపను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి దాని లోపలి గుజ్జు దెబ్బతిని ఉడికినా గట్టిగా మిగులుతుంది.

ముక్కలను చల్లటి నీళ్ళలో అరగంట నానబెట్టి పైపైన ఉన్న చక్కెరను వదిలించాలి. ఉడికించదలిస్తే చల్లటి నీళ్ళలో వేసి మెల్లగా వేడి చేయకూడదు. ఈ దుంపలోని ఎంజైములు 60, 70 డిగ్రీల మధ్య పిండిని చక్కెరగా మారుస్తాయి గనుక, నెమ్మదిగా వేడెక్కిన దుంప మరింత తియ్యబడుతుంది. మరుగుతున్న నీళ్ళలోనే వేసి, రెండు నిమిషాల్లో తీసేయాలి. ఆరిన తరువాత కిలోకు మూడు పెద్ద చెంచాల బియ్యప్పిండి పలచగా పట్టించి, చిప్స్‌ను 150 డిగ్రీల దగ్గర ఓపికగా, పొడవు ముక్కలను ముందు 150, తరువాత 170 దగ్గర వేయించాలి. నూనెలోంచి తీసేటప్పుడు ఇవి మెత్తగానే ఉంటాయి, చల్లారాకే గట్టిపడతాయి. ఇంకా కరకరలాడలేదని మూకుట్లోనే ఉంచడం అందరూ చేసే తప్పు, నేనూ చాలాసార్లు చేశాను.

ఉప్పు, కారం, నిలవ

ఉప్పును పచ్చి ముక్కలకు కలిపితే నీరు ఊరి మెత్తబడతాయి గనుక, నూనెలోంచి తీసిన అర నిమిషంలోపే, ముక్కల మీద నూనె ఇంకా మెరుస్తుండగా మెత్తటి ఉప్పు చల్లాలి. కందకు, చేమకు వెల్లుల్లి కారం, కర్రపెండలానికి ఉప్పూ మిరియాల పొడి, పెండలానికి కరివేపాకు పొడి, చిలగడదుంపకు కారంతో పాటు కాసింత ఆమ్‌చూర్ నా ఎంపికలు. చివరి విడత తీసిన తరువాత అదే నూనెలో గుప్పెడు కరివేపాకు, చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రేకలు వేయించి కలిపితే, ఏ దుంపైనా మన ఇంటిదిగా మారిపోతుంది.

వాడిన నూనెను చల్లార్చి, బట్టలో వడగట్టి, మరొకటి రెండు సార్లు కూరలకు వాడవచ్చు. నల్లబడినా, చిక్కబడినా, వేడి చేస్తే నురగ లేచి నిలిచినా పారేయాలి. నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే వాడరాదని మన దేశంలో నిబంధన ఉంది గానీ, ఇంట్లో దాన్ని కొలిచే సాధనం మన ముక్కే.

చిప్స్‌ను పూర్తిగా చల్లారిన తరువాతే, గాలి చొరని డబ్బాలో, అడుగున మడతపెట్టిన కాగితం పరిచి నిలవ చేయాలి. వేడి తగ్గకుండా మూత పెడితే ఆవిరి చెమ్మగా మారి మొత్తం మెత్తబడుతుంది. మాఘంలో చేసిన కర్రపెండలం చిప్స్ మా ఇంట్లో పదిహేను రోజులు నిలిచాయి గానీ, శ్రావణ భాద్రపదాల్లో గోదావరి గాలికి మూత తీసిన రెండు గంటల్లోనే లొంగిపోతాయి. అందువల్ల వానాకాలంలో పెద్ద డబ్బా కాకుండా, ఒక్కసారికి తినేంత చొప్పున చిన్న చిన్న డబ్బాల్లో సర్దుకోవాలి. మెత్తబడినవాటిని మళ్ళీ నూనెలో వేయవద్దు. మందపాటి పెనాన్ని సన్నని సెగ మీద పెట్టి, ఒకే పొరగా పరచి, రెండు మూడు నిమిషాలు కదుపుతూ వేడి చేసి చల్లారనిస్తే కరకర తిరిగి వస్తుంది. రెండు విడతల్లో వేయించిన పొడవు ముక్కలను మాత్రం నిలవ చేసే ప్రయత్నమే చేయకూడదు. మొదటి విడత వేయించి చల్లార్చిన ముక్కలను ఫ్రిజ్‌లో ఒకరోజు ఉంచుకుని, చుట్టాలు వచ్చి కూర్చున్నాక రెండో విడత నూనెలో వేయవచ్చు.